గడ్డి కోసే బండి మీద నమస్కారం

ఒక్క నమస్కారం రెండు ఇంజన్లను ఆపేయగలదని మీలో ఎవరికైనా తెలుసా? మొన్న శనివారం దాకా నాకూ తెలియదు. ఆ దిగ్భ్రమ నుంచి ఇంకా తేరుకోలేదు. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి. మధ్యలో మాత్రం నవ్వకండి. ఇందులో నవ్వవలసిన చోటు ఏదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

కేంబ్రిడ్జ్‌లో నేను పనిచేసే గోడౌన్ మీకు తెలుసుగా. అక్కడ నేను సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతాను. మా షిఫ్ట్ సూపర్‌వైజర్ డోనా గారు అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, పెద్ద గొంతు. రెండు వారాల కిందట లంచ్ బ్రేక్‌లో ఆవిడ నా ఎదుట కూర్చుని, ఎంతో గంభీరంగా అడిగారు.

"వాణీ, నువ్వు ఈ గోడౌన్‌లో ఇంతవరకూ దేన్నయినా గుద్దావా?"

"లేదండీ."

"ఒక్క ర్యాక్‌నైనా? గోడనైనా?"

"లేదు, డోనా గారూ. ఎవరైనా కంప్లైంట్ చేశారా?"

"కాదు, డియర్. నువ్వే నాకు కావలసిన మనిషివి. మా రేస్ టీమ్‌లో నడుపుతావా?"

రేస్ అనగానే నేను గుర్రాలనుకున్నాను, తర్వాత కార్లనుకున్నాను. గడ్డి కోసే బండి అని మాత్రం అనుకోలేదు! ఇళ్ళ ముందు లాన్‌లో, సీట్లో కూర్చుని తోలుకుంటూ పోతారే, అదే. దానికి అడుగున బ్లేడ్లు తీసేసి, బురద మైదానంలో ఆరు గంటల పాటు గుండ్రంగా తిప్పుతారట. ఒక్కో జట్టుకు ముగ్గురు డ్రైవర్లు, వంతులవారీగా. బ్లేడ్లు ఉండవు గనుక ఆ బండ్లు కోసేది ఏమీ లేదు, మనిషి పరువు తప్ప.

నేను వద్దని చెప్పవలసింది. కానీ అప్పుడు డోనా గారు అసలు సంగతి చెప్పారు. ఆ బండిని ఆవిడ తన గరాజ్‌లో సొంత చేతులతో బిగించుకున్నారు. ఏటా పందేనికి తీసుకెళతారు. ఏటా అది సగంలో ఆగిపోతుంది. ఒక్కసారి కూడా చివరి జెండా చూడలేదు. పైగా ప్రతిసారీ దాన్ని తాడు కట్టి లాక్కొచ్చేది ఎవరు? పక్కింటి వాల్టర్ గారు! ఆయన బండి ఒక్క ఏడూ ఆగదు. లాక్కొస్తున్నంతసేపూ ఈల వేస్తారట.

"వచ్చే నెల ఈ ఊరు వదిలి రెజైనా వెళ్ళిపోతున్నాను, మా అమ్మాయి దగ్గరికి. బండి అమ్మేస్తున్నాను. ఇదే ఆఖరి పందెం, వాణీ. గెలవక్కర్లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ ముగింపు గీత దాటితే చాలు."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు తొలిసారి చిన్నదైంది. ఇక నేనేమనగలను? ఒప్పుకున్నాను.

మా జట్టులో మూడో డ్రైవర్ రాకేశ్. కరీంనగర్ కుర్రాడు, ఇక్కడ కాలేజీలో చదువుతూ మా గోడౌన్‌లోనే పార్ట్‌టైమ్ చేస్తాడు. శనివారం పొద్దున మైదానంలో నాకు హెల్మెట్ బిగిస్తూ ఎంతో ధైర్యం చెప్పాడు.

"అక్కా, పరేషాన్ గాకు. స్టీరింగ్ పట్టుకో, గ్యాస్ పెడల్ వదలకు. గంతే. ఫోర్క్‌లిఫ్టే అనుకో, జర ఎగురుతది."

డోనా గారు మాత్రం ఒక్కటే హెచ్చరిక చేశారు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, చూపించడానికి నా కుడి మణికట్టుకు ఒక తాడు కట్టి, రెండో కొస బండికి తగిలించారు. డ్రైవర్ పడిపోతే ఆ తాడు ఊడి, ఇంజన్ దానంతట అదే ఆగిపోతుంది. అది భద్రత కోసం.

"ఈ తాడు ఊడనివ్వకు. ఈ ఇంజన్ వేడి మీద ఆగిందంటే అరగంట చల్లారితే గానీ మళ్ళీ లేవదు. మిగతావి ఏం చేసినా పరవాలేదు. ఇంజన్ మాత్రం ఆపకు!"

ఆపను అన్నాను. మాట ఇచ్చాను. ఇవ్వగానే నిష్ఠగా రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాను.

చెబితే నమ్మరు, పందెం అద్భుతంగా సాగింది! డోనా గారు నడిపారు, రాకేశ్ నడిపాడు. పెట్రోల్ పోయడానికి ఆపినప్పుడల్లా ఇంజన్ మీద తడిగుడ్డలు కప్పి, జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన కూర్చున్నట్టు అందరం కూర్చున్నాం. అది లేచిన ప్రతిసారీ చప్పట్లు కొట్టాం. చివరి వంతు నాది. ఇంకో ఇరవై నిమిషాలే మిగిలాయి. కంచె పక్కన డోనా గారు నోటి మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఆవిడ బండి ఇంతదూరం ఎప్పుడూ రాలేదు మరి!

అప్పుడు వచ్చింది ఆ మలుపు.

నాకు ఎడమ వైపుగా వాల్టర్ గారి బండి వచ్చి పక్కన చేరింది. తెల్లటి గడ్డం, హెల్మెట్ కింద నుంచి గాలికి ఊగుతోంది. మలుపులో నా బండి ఒక గుంటలో పడి ఎగిరింది. బురదకు నా ఎడమ బూటు జారింది. జారిన కాలు బయటికి విసురుగా వెళ్ళి, వాల్టర్ గారి మోకాలికి ధన్ అని తగిలింది.

పెద్దాయన! ఆ వయసు మనిషికి నా కాలు!

మా అమ్మమ్మ నాకు అన్నం కలిపి పెట్టిన ప్రతి పూటా ఒక కథ చెప్పేది. అందులో ఒక రాకుమారుడు నిద్రపోతున్న మునికి కాలు తగిలించి, చూసుకోకుండా వెళ్ళిపోతాడు. ముని శాపానికి పన్నెండేళ్ళు తాబేలై బావి అడుగున పడి ఉంటాడు. "అందుకే, కాలు తగిలితే వెంటనే తాకి కళ్ళకద్దుకోవాలి" అని నా చేత ఎన్నిసార్లు చేయించిందో. బస్సులో, పెళ్ళిపందిట్లో, సినిమా హాల్లో సీట్ల మధ్య, ఎక్కడైనా సరే నా చేయి నన్ను అడగదు. దానంతట అదే వెళుతుంది.

ఇక్కడా వెళ్ళింది! అందులోనూ పెద్దల్ని ఎడమ చేత్తో తాకకూడదు కదా. అందుకని నా కుడి చేయి స్టీరింగ్ వదిలేసి, నా ఒంటికి అడ్డంగా, ఎడమ వైపుకు చాచుకుంటూ పోయింది. తాడు కట్టి ఉన్న చేయి. వాల్టర్ గారి మోకాలు తాకాను. భక్తితో కళ్ళకద్దుకోబోయాను. వేళ్ళు హెల్మెట్ అద్దానికి టకటకా కొట్టుకున్నాయి.

టప్!

తాడు ఊడింది. ఇంజన్ ఆగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. పక్క బండి మీది అమ్మాయి తన వైపు ఒరిగిపోవడం చూసి, నేను స్పృహ తప్పి పడిపోతున్నాననుకున్నారు వాల్టర్ గారు. సీట్లోంచి సగం లేచి, నా భుజాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. ఆయన తాడూ ఊడింది. ఆయన ఇంజనూ ఆగింది! మలుపు మధ్యలో ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. మిగతా బండ్లు మాకు అటూ ఇటూ హోరుమని పోతున్నాయి.

పసుపు జెండా ఊపుకుంటూ, పందెంలో భద్రత చూసే మార్షల్ ఒకడు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? దెబ్బ తగిలిందా? డాక్టర్ కావాలా?"

"నా కాలు ఆయనకు తగిలింది" అన్నాను.

"సరే... తర్వాత?"

"అంతే. తర్వాతేమీ లేదు. ఆయన పెద్దవారు. అందుకని క్షమాపణ కోరాను."

"బండి నడుపుతూనా?"

వాల్టర్ గారు హెల్మెట్ పైకెత్తారు. "ఆగమ్మా. ఎంత పెద్దవాణ్ణనుకుంటున్నావు నన్ను?"

దానికి సమాధానం అమ్మమ్మ నేర్పలేదు. ఉన్నదున్నట్టు వివరించాను. కాలు తగలడం, తాకడం, కళ్ళకద్దుకోవడం. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు. విని, "అయితే లెక్క సరిచేద్దాం" అంటూ తన బురద బూటు ఎత్తి నా బూటుకు మెల్లగా తగిలించారు! తర్వాత వంగి, నా బూటు తాకి, తన కళ్ళకద్దుకున్నారు!

నేను కెవ్వుమన్నాను. "అయ్యో, మీరు చేయకూడదండీ! నాకు పాపం!"

"ఇదేం చిక్కు? తన్నిన నువ్వు చేయొచ్చు, తన్నిన నేను చేయకూడదా?" అన్నారాయన. మార్షల్ జెండా దించేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

వాల్టర్ గారి ఇంజన్ ఒక్క తిప్పుకే లేచింది. నాది లేవలేదు. మళ్ళీ తిప్పాను. చిన్నగా దగ్గింది, అంతే. కంచె అవతల డోనా గారు మెల్లగా కింద కూర్చుండిపోవడం కనిపించింది. దానికన్నా తిట్టినా బాగుండేది.

"తోయొచ్చు" అన్నాడు మార్షల్. "రూల్ ప్రకారం డ్రైవర్ ఒక్కరే తోసుకెళ్ళొచ్చు. ఇంకెవరూ చేయి వేయకూడదు. జెండా ఊపాక గీత దాటితే పూర్తయినట్టే లెక్క."

దిగాను. తోశాను. బండి కదలలేదు, నా బూట్లు మాత్రం బురదలోకి దిగిపోయాయి. ఇంకో పట్టు పట్టాను. కదిలింది! కంచె వెంబడి రాకేశ్ నాతోపాటే పరుగెత్తుతున్నాడు.

"అక్కా, నూకు! ఇంకా నూకు! వచ్చేసినవ్! జర నడుం వంచు!"

"నువ్వు... మాట్లాడకు!"

"మాట్లాడకుంటే ఎట్ల నూకుతవ్?"

వెనక్కి చూస్తే వాల్టర్ గారు! ముందుకు పోవలసిన మనిషి, తన బండిని నడక వేగానికి తగ్గించి, నా వెనకే గోడలా వస్తున్నారు. వేరే బండ్లు నన్ను గుద్దకుండా కాపు కాస్తున్నారు. అందరూ ఆయన్ని దాటిపోతున్నారు. ఆయన ఈల వేస్తున్నారు.

గీతకు ముందు ఒక చిన్న పల్లం ఉంది. ఆ అంచుకు చేరేసరికి గీత దగ్గర జెండా లేచింది. పందెం ముగుస్తోంది! ఉన్న శక్తంతా కూడదీసి ఒక్క తోపు తోశాను. బండి పల్లంలోకి దిగింది.

నేను దిగలేదు. నా బూట్లు బురదలోనే ఉండిపోయాయి. కాళ్ళు బయటికి వచ్చేశాయి. నేను చేతులు చాచి, ముఖం కిందికి పెట్టి, పొడుగ్గా పడ్డాను.

తలెత్తి చూసేసరికి డోనా గారి బండి ఒంటరిగా వెళుతోంది. మీద మనిషి లేడు, ఇంజన్ చప్పుడు లేదు. ఎంతో హుందాగా, చిన్నగా ఊగుతూ, పల్లంలో దిగి, సూటిగా వెళ్ళి గీత దాటింది. దాటి, అవతల గడ్డిమోపులకు ఆనుకుని ఆగింది. మైదానమంతా జనం లేచి నిలబడి అరిచారు!

నిర్వాహకులు చాలాసేపు చర్చించుకున్నారు. "డ్రైవర్ ఏది?" అని ఒకాయన అడిగితే, "అగో, గా బురదల ఉన్నది" అని తెలుగులోనే జవాబిచ్చి నావైపు చేయి చూపించాడు రాకేశ్. చివరికి మైకులో తీర్పు వినిపించింది: బండి పందెం పూర్తిచేసింది. డ్రైవర్ పూర్తిచేయలేదు.

డోనా గారు ఏడుస్తూ పరుగెత్తుకొచ్చారు. నన్ను కౌగిలించుకుంటారని నేను మోకాళ్ళ మీద లేచి చేతులు చాచాను. ఆవిడ నన్ను దాటుకుంటూ వెళ్ళి బండిని కౌగిలించుకున్నారు.

నిజమే. అన్ని పందేల్లో దాని మీద మనుషులు కూర్చుని చేయించలేకపోయిన పనిని, నేను వదిలేసిన మరుక్షణం అది తనంతట తానే చేసి చూపించింది. సోమవారం గోడౌన్‌లో నా ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కబోతుంటే డోనా గారు ఆపి, ఎంతో ప్రేమగా భుజం తట్టారు. "వాణీ, ఈ సరుకు ప్యాలెట్లు మోసేటప్పుడు కూడా ఓసారి బండి దిగి చూడు, డియర్. వాటంతట అవే వెళతాయేమో!"