అమావాస్య నాటి మగ్గం

నిన్న మా వీడియో గేమ్ ఆడినవాళ్లెవరో ఒక ఫిర్యాదు పంపారు. మొదటి దృశ్యంలో మగ్గం చప్పుడు వెనక ఎవరో ఊపిరి విడుస్తున్నట్టు వినిపిస్తోందట, సరిచేయమన్నారు. వచ్చిన లోపాలను తీవ్రతను బట్టి వరుసగా పేర్చి, ఒక్కొక్కటే దిద్దడం నా పని. దీన్ని ఏ వరుసలో పెట్టాలో తెలియక, కంప్యూటరు ముందు ఊరికే కూర్చుని ధర్మవరం మామను తలుచుకున్నాను.

అప్పట్లో నేనూ, చిన్న సినిమాలు తీసే నా మిత్రుడూ హిందూపురంలో ఒక బట్టల కొట్టు మీది గదిలో పనిచేసేవాళ్లం. ధర్మవరంలో నేసిన చీరను ఒక అమ్మాయి పెనుకొండ కోట మీదికి చేర్చడం మా గేమ్ కథ. ఇక్కడి సినిమాలకూ గేములకూ ఊతమిస్తామని ఒక అధికారి పెనుకొండలో సమావేశం పెట్టాడు. నమూనా నచ్చితే పనిచేసుకోవడానికి మంచి గదీ, కంప్యూటర్లూ ఇప్పిస్తామన్నాడు. అవి దొరక్కపోతే మేమిద్దరం బెంగళూరు రైలెక్కి ఎవరి కిందో చేరాల్సిందే. కోట మెట్లు, కొండ గాలి, మేకల మెడగంటలు అన్నీ సమకూరాయి. మగ్గం శబ్దం ఒక్కటే మిగిలింది.

మామ, అంటే మా అమ్మ తమ్ముడు, నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించుకుని, గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. మామూలు రోజుల్లో ఆ వీధిలో ఇంటింటా మగ్గాలు ఆడుతుంటాయి. ఒక్కదాని చప్పుడును విడిగా పట్టుకోవడం కుదరదు. అందుకే నేను క్యాలెండరు చూసి వీధి సద్దుమణిగే రోజును ఎంచాను. అది అమావాస్య. ఆ రోజు నేతగాళ్లు మగ్గం ముట్టరని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వీధి మొత్తానికీ ఆ నియమాన్ని లెక్కలోకి తీసుకున్నవాణ్ని, మామ మగ్గాన్ని మాత్రం మినహాయించుకున్నాను.

మైకు బిగించడం అయ్యాక మామ నవ్వాడు. "ఏమబ్బా, ఇంజనీరింగు చదివినావు, ఈ పొద్దు అమావాస్యని తెల్దా?"

"పది నిమిషాలే మామా."

"పది నిమిషాలకు వేరే అమావాస్య ఉంటాదా అప్పా?" అని వంటింట్లోంచి అత్త.

"ఎల్లుండే ఆఫీసరుకు చూపియ్యాల" అన్నాను. మామ మగ్గం వైపు తిరిగాడు. దానికి దండం పెట్టి, పక్కనే నేలమీద కూర్చున్నాడు. "ఆ ఆఫీసరు మీకేమిస్తాడో నాకు తెల్దు. నా తాన శబ్దం ఉండాది. పట్టుకపో."

కళ్లు మూసుకుని నోటితోనే నేయడం మొదలుపెట్టాడు. కాలిపలక కిర్రుమనడం, పోగును అటూ ఇటూ మోసే నాడె సర్రున పరుగెత్తడం, తర్వాత పోగును బిగించే దెబ్బ. ఆ దెబ్బ మాత్రం అరచేత్తో తొడమీద. నాతో వచ్చిన మిత్రుడు మొదట నవ్వాపుకోలేక వాకిట్లోకి పోయాడు. కాసేపటికి మెల్లగా వచ్చి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఇది ప్రస్తుతానికి మామా. అసలుది మళ్లొచ్చి పట్టుకుంటా."

"రా. మగ్గం యాడికి పోతాది."

నమూనా నెగ్గింది, గది దొరికింది, దాంతోపాటు పనీ పెరిగింది. నేను మళ్లీ వెళ్లేసరికి మామ మోకాళ్లు ఆయన్ను గుంతలోకి దిగనివ్వడం లేదు. మగ్గం విప్పేసి, గుంత పూడ్చి, పైన టైల్స్ పరిచారు. గేమ్ మామ నోటి మగ్గంతోనే బయటికొచ్చింది. పోయిన వానాకాలంలో మామా కన్నుమూశాడు.

ఫిర్యాదు చదివి మిత్రుడు, ఆ వీధిలోనే ఇంకో ఇంట అసలు మగ్గాన్ని రికార్డు చేసుకొద్దామన్నాడు. న్యాయమైన మాటే. ఈ ఉదయం మైకు తీసుకుని ధర్మవరం వెళ్లాను. మార్చేసేముందు పాత శబ్దాన్ని అత్తకు ఒకసారి వినిపిద్దామనిపించింది. ఆమె ఫోను చెవికి ఆనించుకుని, అయిపోయిన ప్రతిసారీ మళ్లీ పెట్టమని సైగ చేసింది.

"ఊపిరి వినపడతాండాది, తీసేయమంటాండారు అత్తా."

"యాల? మగ్గం మీద కూచున్నా అట్లనే ఇడుస్తా ఉండె గదప్పా, దెబ్బకొక తూరి. అది ఆగితే పోగు తెగిందని నాకు వంటింట్లోకే తెలుస్తా ఉండె."

మైకు సంచిలోంచి తీయలేదు. తిరుగు రైలు పెనుకొండ దాటుతుండగా ఫిర్యాదుకు జవాబు రాశాను: అది లోపం కాదు, మగ్గం చప్పుడు అలాగే ఉంటుంది. టైల్స్ కింద గుంత ఇప్పుడు ఎవరికీ కనబడదు. కానీ యాడనో ఎవరో ఆట మొదలుపెట్టినప్పుడల్లా, అది అమావాస్యే అయినా, మామ ఇంట్లో మగ్గం దెబ్బకొక ఊపిరి చొప్పున ఇంకా నడుస్తూనే ఉంటుంది.