అమ్మవారి ముందు కుర్చీ

మా ఆవిడ తమ్ముడు లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో ఉండేవాడు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు. డెబ్బయ్యవ దశకం మధ్యలో మేమిద్దరం అతని ఫ్లాట్‌కి వెళ్ళాం. డ్యూటీల రోటాలో ఒక రోజు సెలవు దొరికితే, మాకు మ్యూజియం చూపించి ఇంగ్లీషు భోజనం పెట్టిస్తానన్నాడు. ఆనాటి సంగతులకు డైరీలో పేజీ చాలక మర్నాటి పేజీలోకి కూడా రాశాను. ఇప్పుడు చదివినా కోపం తగ్గదు.

మ్యూజియం క్యాంటీన్ గుమ్మంలోనే ఉడికిన క్యాబేజీ వాసన కొట్టింది. మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. బావమరిది ట్రేలో మూడు పళ్ళేలు తెచ్చాడు. ఉప్పూ కారం లేని బంగాళాదుంప ముద్ద, నీళ్ళోడే క్యాబేజీ, పైన పిండిమూత వేసి కాల్చిన, 'పై' అనే వంటకం.

"ఇందులో ఏముందిరా?" అంది ఆవిడ.

"కూరగాయలే అక్కయ్యా. ప్యూర్ వెజిటేరియన్. ఊరికే అనుమానపడకు."

పొద్దుటి నుంచి రొట్టెముక్క తప్ప ఏమీ తినలేదేమో, సగం తినేసింది. ఏదైనా రెండుసార్లు అడగడం నా అలవాటు. కౌంటర్ దగ్గరికి వెళ్ళి వడ్డించే ఆమెను అడిగాను. లోపలివి కూరగాయలేనట. పైపిండి మాత్రం పంది కొవ్వుతో కలుపుతారట. ఆమె దాచకుండా చెప్పింది. తిరిగొచ్చి బావమరిదిని నిలదీశాను.

"కొంచెమే కదా బావగారూ! ఇక్కడ అన్నీ చూసుకుంటూ కూర్చుంటే పస్తులే."

అంటే తెలిసే పెట్టాడు!

మా ఆవిడ వెళ్ళి నోరు పుక్కిలించుకుని వచ్చింది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. "ఏదైనా గుడికి తీసుకెళ్ళరా, తప్పు చెప్పుకోవాలి" అంది.

"ఇక్కడ గుళ్ళెక్కడివి? పైన ఇండియా గదిలో విగ్రహాలున్నాయి, పద."

గాజు బీరువాలో కంచు అమ్మవారు నిలబడి ఉంది. మన గుళ్ళలో ఉత్సవ విగ్రహాన్ని పట్టుచీర, పూలదండలు లేకుండా మనం చూడం. ఇక్కడ నూలుపోగు లేదు. "అయ్యో తల్లీ, ఈ చలిలో ఇలా నిలబెట్టారా!" అంది మా ఆవిడ. మేజోళ్ళూ చెప్పులూ విప్పి, గాజు ముందు నిలబడి గట్టిగా లెంపలు వేసుకుంది.

ఆ చప్పుడుకి పెద్దవయసు కాపలాదారు పరుగున వచ్చి, ఏమైందని అడిగాడు. బావమరిది ముఖం కందిపోయింది. "మా సిస్టర్‌కి మతి సరిగా ఉండదు. ఏమీ అనుకోకండి" అని ఇంగ్లీషులో గొణిగాడు. కాపలాదారు తన కుర్చీ తెచ్చి అమ్మవారి ఎదురుగా వేశాడు. ఇంగ్లీషు రాని మా ఆవిడ అందులో కూర్చుని, కళ్ళు మూసుకుని తృప్తిగా దండం పెట్టుకుంది.

లేచాక అంది, "చూశావట్రా, నాకు కుర్చీ వేశాడు. ఎంత మర్యాద! అమ్మవారికి చీర కట్టమని చెప్పు. జరీ లేనిదైనా ఫరవాలేదు."

"అలాంటివి చెప్పకూడదు అక్కయ్యా. పద, పద."

నాకిక ఆగలేదు. అక్కకి తినకూడనిది పెట్టినవాడు, ఆ బాధకి ఆమె లెంపలేసుకుంటే పిచ్చిదంటాడా? నేరుగా కాపలాదారు దగ్గరికి వెళ్ళాను. వచ్చిన ఇంగ్లీషులో, "అయ్యా, నా భార్య మతికి ఏ లోపమూ లేదు. మీ క్యాంటీన్‌లో తినకూడనిది తిన్నందుకు దేవతకి క్షమాపణ చెప్పుకుంది. మా ఊళ్ళో దేవతకి చీర కడతాం. ఇక్కడా కట్టాలంటోంది" అన్నాను.

అతను విగ్రహం వైపు చూశాడు. తర్వాత మా ఆవిడ వట్టికాళ్ళ వైపు చూశాడు. "ఈ గదిలో చలే సార్. పైవాళ్ళతో చెబుతాను" అన్నాడు.

"ఏమన్నారండీ?" అని అడిగింది ఆవిడ. చీర సంగతి చెప్పానన్నాను.

బస్సులో బావమరిది నా చెవి దగ్గర, "పరువు తీశారు బావగారూ" అన్నాడు.

"ఎవరిదయ్యా?"

ఫ్లాట్‌కి రాగానే ఆవిడ అన్నం వండి, చారు పెట్టింది. అతను మళ్ళీ మళ్ళీ కంచం చాపాడు. "పాపం, వీడూ పొద్దుటి నుంచి సరిగా తినలేదు" అంటూ ఇంకో గరిటె పోసింది. నేనైతే పోసేవాణ్ణి కాదు.