మా క్లబ్బుకు కోచ్ ఎవరు?

నా చిన్నప్పుడు, హైదరాబాద్ చుట్టూ కంప్యూటర్ కంపెనీలు లేస్తున్న రోజుల్లో, మొయినాబాద్‌లో మా అన్న ఆడే ఫుట్‌బాల్ క్లబ్బుకు కోచ్ లేకుండా పోయాడు. పాత కోచ్‌కు సిటీలో ఉద్యోగం దొరికింది. కొత్తగా ఎవరిని పెట్టుకోవాలన్న దగ్గర ఊరు రెండు వర్గాలైంది. ఆడేది పదకొండు మందే అయినా మాట్లాడేవాళ్ళకు లెక్క లేదు.

ఒక వర్గానికి మా బాపు పెద్ద. కాలేజీలో ఆటలు నేర్పే సారు రావాలి, అందరూ ముందుకు దూకి ఆడాలి అనేవాడు. రెండో వర్గానికి మా మేనమామ పెద్ద. మిలిటరీలో చేసి వచ్చిన ఒకాయన రావాలి, గోలు కాపాడుకుంటే చాలు అనేవాడు.

"గోల్ కొట్టకుంట ఎట్ల గెలుస్తమయ్యా?" అని బాపు.

"జర ఆగు బావా! అందరు ముందటికి ఉరికితె యెనక ఎవరు చూస్తరు?" అని మామ.

చివరికి మాట పెరిగింది. మీవాడు వస్తే మా పిల్లలను తీసుకుని వేరే క్లబ్బు పెట్టుకుంటామని రెండు వైపులా అనేశారు. అన్న ఆ పూట అన్నం ముట్టలేదు. క్లబ్బు చీలితే ఏ పక్కా పదకొండు మంది మిగలరు, వాడి ఆట అక్కడితో ఆగిపోతుంది. నాకు దిగులు కన్నా ఆరాటం ఎక్కువ. ఇంతకీ ఎవరి మాట నిజం? పక్కింటి అక్కను అడిగాను. ఆమె రోజూ మెహదీపట్నం బస్సెక్కి కంప్యూటర్ నేర్చుకోవడానికి వెళ్ళేది, నేనేదడిగినా కసురుకునేది కాదు.

ఆదివారం పొద్దున ఆమె నన్ను వెంటబెట్టుకుని గ్రౌండుకు వచ్చింది. రెండు వర్గాల పెద్దలూ అక్కడ అప్పటికే వాదులాడుకుంటున్నారు. "నోటితోని ఎందుకు మామా? మీరే ఆడి చూపియ్యుండ్రి. ఎవరి తీరుల వాళ్ళు ఆడుండ్రి" అన్నది. ఎగతాళి అనుకున్నాను కానీ, నిజంగానే విజిల్ ఊదింది. పెద్దవాళ్ళంతా పంచెలు ఎగ్గట్టి, ప్యాంట్లు మడిచి దిగారు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ముందుకు దూకాలన్న మా బాపు గోలు దగ్గర నుంచి అడుగు కదల్లేదు. అడవిపందులొస్తాయని టమాట తోటకు కాపలా కాసే మనిషి కదా, ఇక్కడా అలాగే చేతులు చాపి నిలబడ్డాడు. కాపాడుకుంటే చాలన్న మామ మాత్రం బంతి దొరకగానే ఎవరికీ ఇవ్వకుండా ఆ చివరికి పరుగు. ఫార్మ్‌హౌస్‌లకు భూములు ఇప్పించే బ్రోకర్ ఆయన, ఒకచోట కుదురుగా కూర్చోగా మేమెప్పుడూ చూడలేదు.

"బాపూ, ముందటికి రా!" అని అన్న అరిచాడు.

"ఎట్ల రావాల్రా? ఈడ ఎవ్వరు లేరు గద!"

గ్రౌండంతా గొల్లున నవ్వింది. బాపు ఒక్క క్షణం తెల్లబోయి, తానూ నవ్వేశాడు. మామ ఒగరుస్తూ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"మీ తీరు మీకే రాదాయె. ఆడేటోళ్ళను ఎవరన్న అడిగిండ్రా?" అన్నది అక్క.

ఎవరూ అడగలేదు. బాపు లేచి వెళ్ళి అన్న పక్కన కూర్చుని, "నీకెట్ల ఆడొస్తది బిడ్డా?" అన్నాడు. వెనక కాచేవాళ్ళు ఉంటేనే ధైర్యంగా ముందుకు ఉరకగలమని అన్న చాలాసేపు చెప్పాడు. బాపు మధ్యలో నోరు మెదపలేదు. ఆ సాయంత్రం పిల్లలంతా కలిసి మిలిటరీ ఆయననే ఎంచుకున్నారు. క్లబ్బు చీలలేదు. మొదట చప్పట్లు కొట్టింది బాపే.

ఇప్పుడు నాకూ జుట్టు నెరుస్తోంది. ఇంట్లో పిల్లలు ఏం చదవాలన్న మాట వస్తే నాకూ గట్టి అభిప్రాయాలే ఉంటాయి, ఆ బాపు బిడ్డనే కదా. అయినా ముందు వెళ్ళి పక్కన కూర్చుని అడుగుతాను. అడగడం ఎప్పుడో అలవాటైంది. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా నోరు మూసుకుని ఉండటమే, బాపు ఆ రోజు ఎలా ఉండగలిగాడో గానీ, నాకింకా కష్టంగానే ఉంది.