బిగ్గరగా చదవని జాబితా

మంగళవారం ఉదయం ఆరుంబావుకు మా పాత సిస్టమ్స్ సార్ మూసాపేటలోని తన ఇంట్లో గుండెపోటుతో చనిపోయారు. రాయదుర్గంలో మా వార్తల వెబ్‌సైటు ఆఫీసు కంప్యూటర్లను ఆరేళ్లు ఆయనే చూసుకున్నారు. కిందటేడు ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఆఫీసులో అందరూ చెప్పుకున్నదే: సార్ ఏదో చేసి ఒక మధ్యాహ్నం ముఖ్యమైన కథనాన్ని ఆపేశారని. ఆపింది నేను.

మా కంప్యూటర్లు లినక్స్ మీద నడుస్తాయి. అందులో ఒక ప్యాకేజీని, అంటే ఒక ప్రోగ్రామును, తీసేయమంటే, దాని మీద ఆధారపడి ఇంకా ఏమేం పోతాయో జాబితా చూపించి, సరేనా అని అడుగుతుంది. ఆ జాబితాను సార్ తెర మీద వేలు పెట్టి, హాజరు పిలిచినట్టు బిగ్గరగా చదివేవారు. ఇలా తీసేయడానికి కావాల్సిన పాస్‌వర్డ్ ఉన్న మా నలుగురికీ అదే నియమం పెట్టారు. పక్క సీటులో ఒకరు వినాలి. మేము నవ్వేవాళ్లం. క్యాంటీన్‌లో ఎవరో ఒకరు ఆయన గొంతుతో, ఇడ్లీ తీసేస్తే చట్నీ, సాంబారు కూడా పోతాయి, సరేనా అనేవారు. ఆయనా నవ్వుతూనే అనేవారు.

"నవ్వుండ్రి. ఏ ప్రోగ్రామైనా పిలవకుండ వచ్చినట్టు కనవడ్తది గానీ, దేనికో అవసరముంటెనే వస్తది. ఎవరి కోసం వచ్చిందో అడిగినంకనే తియ్యాలె."

ఆ రోజు డెస్కులో అందరం వాడే కంప్యూటర్‌లో, నేను ఎన్నడూ అడగని ఒక సర్వీసు నడుస్తూ కనిపించింది. వెతకడానికి వీలుగా ఫైళ్లన్నీ ముందే చదివి పెట్టుకుంటూ, తెర వెనక నడిచే ప్రోగ్రాము అది. నా కథనం ఒకదాని తాలూకు కాగితాలు, ఇచ్చినవాళ్ల పేర్లతో సహా, ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి; వాటినీ చదివేస్తుందని భయపడ్డాను. వాటికి తాళం వేసుకునే పద్ధతి నాకు నేర్పింది కూడా సారే, రెండు సాయంత్రాలు పక్కన కూర్చుని. ఆయన్ను అడిగితే సరిపోయేది. అడగలేదు. తీసేయమన్నాను. జాబితా వచ్చింది. పై రెండు వరుసలు చూసి సరే అన్నాను. కింది వరుసల్లో, తెర మీద బొమ్మలూ విండోలూ చూపించే డెస్క్‌టాప్ మొత్తం ఉంది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర.

సహోద్యోగి రాసిన, నాలుగింటికి సైటులోకి వెళ్లాల్సిన కథనం అందులోనే ఉంది. ఎడిటర్ వచ్చి ఏమైందని అడిగారు.

"పొద్దున సార్ ఏదో అప్‌డేట్ చేశారండి" అన్నాను.

అది అబద్ధం కాదు. పొద్దున ఆయన అప్‌డేట్ చేశారు. ఇరవై రెండేళ్లుగా వార్తలు రాస్తున్నాను. నిజమైన వాక్యాన్ని ఎక్కడ పెడితే తప్పు అర్థం వస్తుందో నాకు తెలుసు.

సార్ కూర్చుని డెస్క్‌టాప్‌ను తిరిగి తెచ్చారు. అయినా ఫొటో జోడించబోతే ఫైళ్లు చూపించే విండో తెరుచుకోలేదు. బ్రౌజర్ అడిగినప్పుడు డెస్క్‌టాప్ తరఫున ఆ విండో తెరిచే చిన్న సర్వీసు ఒకటి ఉంటుంది. అదీ పోయింది. ఇంకా ఏమేం పోయాయో చూడటానికి ఆయన కంప్యూటర్ లాగ్ తెరిచారు. వేళ, ఇచ్చిన ఆదేశం, ఇచ్చినవాళ్ల లాగిన్ పేరు అందులో నమోదవుతాయి. నేను వెనకే నిలబడి ఉన్నాను. ఆయన నా పేరున్న వరుస దగ్గర ఒక్క క్షణం ఆగి, కిందికి జరిపేశారు. కథనం ఆరున్నరకు వెళ్లింది. అప్పటికే మిగతా సైట్లవాళ్లు ఆ వార్త ఇచ్చేశారు.

లిఫ్టు దగ్గర మాత్రం అన్నారు. "ఆ జాబిత జర గట్టిగ చదివుంటే మీకే దొరికేది సార్. ఇగ మీదట చదువుండ్రి."

నేను తలూపాను. ఎడిటర్ అడిగిన సంజాయిషీలో ఆయన, తన పరిధిలో పొరపాటు జరిగిందని ఒక్క వరుస రాసిచ్చారు. ఎవరి పొరపాటో రాయలేదు. నెలాఖరుకు వెళ్లిపోయారు. నా సీటు నుంచి ఎడిటర్ గదికి ఇరవై అడుగులు. నేను వెళ్లలేదు.

బుధవారం వాళ్లింటికి వెళితే ఆయన కూతురు ఒక ఫైలు నా చేతిలో పెట్టింది. చేసిన ప్రతి రిపేరు కాగితాన్నీ ఆయన అందులో దాచుకున్నారు. "నాన్న తప్పు చేసిండన్నరు కద సార్. ఏం తప్పో ఇందుల ఉంటె చూసి చెప్తరా?"

ఆ రోజు లాగ్ ప్రింటు తీసిన కాగితం ఉంది. వేళ ఉంది, ఆదేశం ఉంది, పోయినవాటి జాబితా ఉంది. లాగిన్ పేరు ఉండాల్సిన చోట నీలి సిరాతో దట్టంగా కొట్టేసి ఉంది. ఆదివారం చెప్తానమ్మా అన్నాను.

ఆదివారం ఉదయం పదింటికి మూసాపేట కమ్యూనిటీ హాలులో సంతాప సభ. ఎడిటర్ వస్తున్నారు. ఆయన తర్వాత మాట్లాడేది నేను. ఆ కాగితాన్ని మొదటి వరుస నుంచి బిగ్గరగా చదువుతాను, కొట్టేసిన పేరుతో సహా.