నిన్న ఏటి కూర?

ఆ రోజుల్లో ఉద్యోగానికి వెళ్తే డిగ్రీ కాగితాలకన్నా ముందు నుదురు చూసేవాళ్ళు. నాదేమో బోసి నుదురు. మాది శ్రీకాకుళంలో ఒక క్రైస్తవ కుటుంబం. పేర్లు వింటే ఎవరికీ ఏమీ తెలియదు, మొహం చూస్తే మాత్రం దొరికిపోతాం. ఒక ప్రైవేటు బడిలో “బొట్టు లేదేటమ్మా?” అని అడిగి, ఖాళీలు లేవన్నారు. పోనీ మనవాళ్ళ బడికే పోదామని వెళ్తే, “మీదే సంఘం?” అని అడిగి, తమ సంఘం కాదని తెలిశాక అక్కడా ఖాళీలు లేవన్నారు. (రెంటికి చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆరోజే అర్థమైంది.) మరోపక్క నాన్న కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. ఆయన ఆటో ఇంటి ముందు పక్కింటి కోళ్ళకి గూడైపోయింది. నాకు ఏదో ఒక ఉద్యోగం రాకపోతే ఇల్లు గడిచే దారి లేదు.

అలాంటి సమయంలో అరసవల్లిలో ఒక లాడ్జికి, కౌంటర్ దగ్గర కూర్చోవడానికి ఆడపిల్ల కావాలని తెలిసింది. యజమానిని వీధంతా లాడ్జి మావ అనేది. సూర్యభగవానుడికి పరమభక్తుడు. ఆదివారం గుడికి జనం విరగబడి వస్తారు కాబట్టి, ఇంటర్వ్యూలు సోమవారం పెట్టేవాడు. ఎవరినీ మతం అడిగేవాడు కాదట. “నిన్న మీ ఇంట్లో ఏటి కూర?” అని మాత్రం అడిగేవాడట. మా వైపు చాలా ఇళ్ళలో ఆదివారం నీచు ముట్టరు, సూర్యుడి రోజు కదా. మా ఇంట్లోనేమో చర్చి నుంచి రాగానే కోడికూర పొయ్యెక్కాల్సిందే. కోడి అన్నామా, గుమ్మం దిగామా! అందుకే పక్కింటి పెద్దమ్మ (ఆ కోళ్ళు ఆవిడవే, ఆదివారం మాత్రం వాటిని కన్నెత్తి చూడదు) నాకు శ్రద్ధగా పాఠం చెప్పింది. “ఉపాసమని సెప్పు. ఉప్పు కూడా ముట్టమని సెప్పు. అంతకి మించి మాటాడకు, నీ నోరు మంచిది కాదు.”

నాతోపాటు నా నేస్తం కూడా వచ్చింది. కళింగపట్నంలో చేపలు పట్టే ఇంటి పిల్ల, ఒకచోట నిలబడదని కాలేజీలో అందరం రొయ్య అనేవాళ్ళం. ఆటో దిగగానే నా మొహం చూసి నెత్తి కొట్టుకుంది. “ఒసే, అన్నీ నేర్సుకున్నావు, బొట్టు మరిసిపోయినావేటే!” అని తన నుదుటి మీది స్టిక్కర్ పీకి నాకు అంటించేసింది. “మరి నీకో?” అన్నాను. “నాకెందుకే? మా ఇంట్లో దేవుళ్ళకి నిలబడ్డానికే సోటు లేదు” అంది.

ముందు దాన్నే పిలిచారు. బయట బెంచీ మీద కూర్చున్న నాకు అన్నీ వినబడుతున్నాయి. “నిన్నా? నెత్తళ్ళ ఇగురు మావా!” అంటోంది మా రొయ్య. “ఆదివారం కదమ్మా!” అన్నాడాయన. “వలకి ఆదివారమని తెలుస్తాదేటి? పడ్డవాటిని ఎనక్కి పొమ్మంటామా?” అంది. “సర్లే అమ్మా, కబురు సేస్తాం” అన్నాడు. ఆ కబురు ఎప్పటికీ రాదని బెంచీకి కూడా తెలుసు.

తర్వాత నేను. “ఉపాసం మావయ్యా. ఉప్పు కూడా ముట్టలేదు” అన్నాను, తల వంచుకుని. ఆయన మురిసిపోయాడు. “పెంపకమంటే ఇదీ! ఇంత నిష్ఠగల పిల్లసేత ఆదివారం పని సేయిస్తే పాపం తగుల్తాది. నీకు ఆదివారం సెలవు పో!” అన్నాడు. (ఆదివారం సెలవు అడుగుతారనే కదా స్వామీ, మావాళ్ళని గుమ్మం ఎక్కనివ్వనిది!) ఒక దండం పెట్టి వచ్చేస్తే నాన్న మందులకి దిగులుండేది కాదు. కానీ ఆయన ఊరుకోలేదు. “ముందొచ్చిన పిల్లని సూసినావా? కిరస్తానం. బొట్టు లేదు, ఆదివారం నీచు. అలాటోళ్ళని నమ్మకూడదు, నోరిప్పితే అబద్ధమే” అన్నాడు.

అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. స్టిక్కర్ పీకి ఆయన బల్లకి అంటించాను. “ఈ బొట్టు ఆ పిల్లదే మావయ్యా, నాకిచ్చింది. నిజం సెప్పింది మీ మతం పిల్ల. కిరస్తానం నాను. నిన్న మా ఇంట్లో కోడికూర, అల్లం దట్టించి వండింది మా యమ్మ. నాకు ఏ పనొచ్చో మీరు అడగలేదు, కూర అడిగినారు. మరి నానేటి సెయ్యాల?” అన్నాను. అనేసి, ఏడుపు ఆపుకోలేక నాన్న కాలు, ఆటోలో కోళ్ళు, అన్నీ వరసగా చెప్పేశాను.

లోపలి గదిలోంచి ఆయన భార్య నవ్వు వినిపించింది. “బాగయ్యింది! ఆదివారం రద్దీకి మనిషి లేక నాను సస్తంటే, నువ్వు ఉపాసాలోళ్ళని ఏరతన్నావా? ఆ సేపల పిల్లని ఆదివారాలు రమ్మను, ఈ పిల్లని మిగతా రోజులు రమ్మను. ఆళ్ళ కూర మనకెందుకయ్యా?” అంది. లాడ్జి మావ దేవుడి తర్వాత ఆవిడకే భయపడేవాడు. (దేవుడికన్నా ముందేమోనని నా అనుమానం.)

చేరిన కొత్తలో ఆయన నాతో ముఖాముఖి మాట్లాడనే లేదు. ఒక సోమవారం మాత్రం గదుల తాళాలు అందిస్తూ, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి “నిన్న ఏటి కూర?” అన్నాడు. “కోడికూరే మావయ్యా” అన్నాను. “అల్లం బాగా ఏసిందేటి మీ యమ్మ?” అని కళ్ళు మూసుకుని వింటూ గుటకలు మింగాడు. పాపం, ముందురోజంతా చప్పిడి ముద్ద తిన్న మనిషి. ఆ తర్వాత ప్రతి సోమవారం మా ఇద్దరికీ అదే ముచ్చట.

ఇప్పుడు నేను విజయనగరంలో మరో ఉద్యోగంలో ఉన్నాను. మధ్యలో నుదురు చూసి కబురు చేస్తామన్నవాళ్ళు ఇంకా తగిలారు, వాళ్ళెవరి ఇంట్లోనూ మా లాడ్జి అత్తలాంటి మనిషి లేకపోయింది. మొన్నో సోమవారం పనిమీద అరసవల్లి వెళ్తే లాడ్జిలో తొంగిచూశాను. బల్ల మీద స్టిక్కర్ అంటిన మచ్చ అలాగే ఉంది. స్టిక్కర్ పీకి అక్కడ అంటించిన ఆ పొగరుబోతు పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. లాడ్జి మావ బాగా చిక్కిపోయాడు. బీపీ అని డాక్టరు ఉప్పు మానిపించాడట. “ఇప్పుడు నాకు ఏడ్రోజులూ ఆదివారమేనమ్మా” అన్నాడు. అటూ ఇటూ చూసి, “నిన్న ఏటి కూర?” అన్నాడు.

నిన్న మా ఇంట్లో వండింది సొరకాయ. నేను కోడికూర చెప్పాను, ఉప్పు కాస్త ఎక్కువే వేసి.