ఇల్లు చూడవచ్చి ఇంటితో సహా వెళ్లినవాళ్లు

నేనుండే ఇంటికి నాలుగు చక్రాలు, ముందువైపు ఒక కొక్కెం ఉండేవి. కంపెనీ కాగితాల్లో దాని పేరు క్యారవాన్. క్యాంపులో అందరూ డబ్బా అనేవారు. బొగ్గు ఎంత లోతున ఉందో, ఎంత మందంగా ఉందో తెలుసుకోవడానికి రామగుండం చుట్టుపక్కల చేలల్లో బోర్లు వేసుకుంటూ పోయే డ్రిల్లింగ్ క్యాంపు మాది. బోరు గొట్టంలోంచి రోకలి ముక్కల్లాంటి గుండ్రటి రాళ్లు పైకి వచ్చేవి. వాటిని పెట్టెల్లో వరసగా పేర్చి, ఏ లోతులో ఏ రాయి వచ్చిందో రాయడం నా ఉద్యోగం. డిప్లొమా అయిన వెంటనే దొరికింది. ఒక బోరు పూర్తయ్యాక ట్రాక్టర్ వచ్చి డబ్బాను మరో చేనుకు లాక్కెళ్లేది.

లోపల ఒక బెర్తు, మడిచే బల్ల, కిరోసిన్ స్టవ్వు, గోడకు ఒక అర. కుదుపులకు గిన్నెలు జారకుండా అరకు అంచు కొట్టించాను. పగలు రాళ్ల వివరాలు రాసిన బల్ల మీదే రాత్రి అన్నం తినేవాణ్ని. ఆఫీసుకు వెళ్లాలంటే మంచం మీది నుంచి కాళ్లు కింద పెడితే చాలు. ఇన్ని సౌకర్యాలున్న ఇల్లు గోదావరిఖని క్వార్టర్లలో ఎవరికీ లేదని నా నమ్మకం.

పెళ్లి సంబంధాల వాళ్లకు ఆ నమ్మకం కలగలేదు. "అబ్బాయి ఉండేది ఎక్కడ?" అని వాళ్లు అడిగితే, ఈ నెలా, వచ్చే నెలా అని నేను ఎదురు అడగాల్సి వచ్చేది. రెండు సంబంధాలు అక్కడే ఆగిపోయాయి.

మూడోది కమాన్‌పూర్ దిక్కు ఊరిది. పెళ్లిచూపుల్లో, ఏమైనా అడుగుతావా అంటే ఆ అమ్మాయి తల ఎత్తి, "వాన పడితే మీ డబ్బాల నీళ్లు కారుతయా?" అంది. పైకప్పు అతుకులకు తారు ఎలా పూయిస్తామో, ఎన్నాళ్లకు మళ్లీ పూయించాలో, పగుళ్లు ముందుగా ఏ మూలన వస్తాయో అన్నీ చెప్పాను. ఆమె చివరిదాకా వింది. అంతవరకు నా మాటలు చివరిదాకా విన్నవాళ్లు లేరు. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలని ఆ పూటే అనుకున్నాను.

అడ్డం వచ్చింది ఆమె తండ్రి. ఆయన గనిలో దిగే కార్మికుడు.

"పొద్దంత నేను భూమి లోపల ఉంట. నా బిడ్డన్న పైన ఒక జాగల నిలవాలె గద. నిలిచే ఇల్లు కావాలె బిడ్డా. అయినా ఒకసారి వచ్చి చూస్త," అన్నాడు.

ఆయన తన తల్లిని వెంటబెట్టుకుని వస్తానన్న రోజు పొద్దున్నే లేచి డబ్బాను ఇల్లులా కనిపించేట్టు తయారు చేశాను. బయట తీగ మీద ఆరే లుంగీలు తీశాను. ఆ తీగ కూడా బాగాలేదని చుట్టేశాను. తుప్పు పట్టిన నీళ్ల డ్రమ్మును బోర్లించి పొదల వెనక్కి దొర్లించాను. మసి గిన్నెలు గోనెసంచిలో కట్టి బెర్తు కిందికి తోశాను. అంతా చూసుకుంటే నా డబ్బా నాకే కొత్తగా అనిపించింది.

వాళ్లు వచ్చారు. అవ్వ బెర్తు మీద కూర్చుంది. ఆయనకు కుర్చీ లేదు. తలుపు ముందు మెట్టుగా వాడే చెక్కపీటనే లోపలికి తెచ్చి వేశాను. బోరు మిషను విప్పుతుంటే లేచే దుమ్ము వాళ్ల మీద పడుతోందని తలుపు దగ్గరికి వేసి, టీ తేవడానికి వంట డేరాకు వెళ్లాను. ఇక్కడి బోరు అయిపోయింది, మర్నాడు మేం వెళ్లబోయేది వాళ్ల ఊరి చేనుకే. ఆ మాట టీ తాగాక చెబుదామని దాచుకున్నాను.

కెటిల్‌తో తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు.

అది ఉన్నచోట చక్రాల గుర్తులు, ఇద్దరి చెప్పులు ఉన్నాయి. దూరంగా బండ్లబాటలో మా ట్రాక్టర్ పొగ. దాని వెనక ఊగుతూ నా డబ్బా. చెప్పులు క్యారియర్‌కు కట్టుకుని, కెటిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని సైకిల్ మీద వెంటపడ్డాను. ఇసుకలో సైకిల్ దిగబడేది, దిగి తోసేవాణ్ని. వెనక కిటికీలోంచి అవ్వ చెయ్యి ఆగకుండా ఊగుతోంది. కాపాడమంటోందనుకుని ఇంకా గట్టిగా తొక్కాను. దారిలో కనబడ్డ చుట్టాలను పలకరిస్తోందని తర్వాత తెలిసింది.

వాళ్ల ఊరి చివర చేనులో డబ్బా ఆగాక అందుకున్నాను. ట్రాక్టర్ నడిపే భాయ్ అప్పటికే కొక్కెం విప్పాడు. నన్ను చూసి నవ్వబోయి, తలుపు తెరుచుకుని పీట, దాని వెనక మనిషి దిగడం చూసి ఆగిపోయాడు.

"లోపల మనుషులున్నరా?"

"రేపు గదా భాయ్ తీసుకపోవాల్సింది?"

"మబ్బు పట్టింది. రేగడి తడిస్తే డబ్బా కదుల్తదా? అందుకే జల్ది వచ్చిన. తీగ లేదు, డ్రమ్ము లేదు, మెట్టు లేదు, తలుపు పెట్టి ఉన్నది. మా తమ్మి ఎంత ఫికర్ పడి అన్నీ సర్దిండు అనుకున్న. ఖాళీ డబ్బా అనుకున్న."

"నన్ను ఖాళీ అన్నోన్ని ఇయ్యాల్నే చూస్తున్న," అంది అవ్వ కిటికీలోంచి.

తప్పు భాయ్‌ది కాదు. క్యాంపులో డబ్బా కదలడానికి సిద్ధం అనడానికి గుర్తులు అవే. ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటే ప్రయాణానికి అంత దగ్గర.

ఆ అమ్మాయి తండ్రి పీట చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. ముఖంలో రంగు లేదు.

"నిలిచే ఇల్లు అన్న. ఏమన్న?"

"నిలిచే ఇల్లు అన్నరు కాకా."

"ఇది ఆగుమన్నా ఆగలె. గోడ మీద గుద్దిన. ఒర్రిన."

"నువ్వు ఒర్రినవు, నేను వద్దన్న," అంది అవ్వ. "బస్సు దిగి మైలు నడవాలె. అల్లుని ఇల్లు మన చేను దాక దించింది. ఉన్నకాడ్నే ఉండు అన్న."

"ఇంకా అల్లుడు కాలేదమ్మా."

అవ్వ పలకరింపులకు సగం ఊరు వచ్చేసింది. ఆ అమ్మాయి చెంబుతో నీళ్లు తెచ్చింది. తండ్రి చేతిలో చెంబు పెట్టి, పీట అందుకుని తలుపు ముందు వేసుకుని డబ్బా ఎక్కింది. లోపలంతా చూసింది. అరకు కొట్టిన అంచు మీద వేలు పెట్టి లాగి చూసింది. తల ఎత్తి పైకప్పు మూలలు కూడా చూసింది. నేను కింద కెటిల్ పట్టుకుని నిలబడ్డాను. గుండె బోరు మిషనులా కొట్టుకుంటోంది.

"ఈడికెల్లి ఎటు పోతది?" అంది ఆ అమ్మాయి కిటికీలోంచి.

"జైపూర్ దిక్కు. గోదావరి అవతలికి."

"నేను గోదావరి దాటనే లేదు బాపు," అంది తండ్రితో.

ఆయన చెంబు కింద పెట్టాడు. డబ్బా చుట్టూ తిరిగాడు. గనిలో పైకప్పును తట్టి చూసినట్టు వేళ్ల కణుపులతో రేకును తట్టి చెవి పెట్టాడు. కూతురి ముఖం చూశాడు. చివరికి నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"గనిల మనుషులను లిఫ్టు పంజరంల దించే ముందు గంట కొడ్తరు. గంట కొట్టనిది పంజరం కదలదు. నా బిడ్డ ఉండే ఇంటికి గంట లేకుంటె ఎట్ల? ముందుగాల గంట పెట్టియ్యి. ఆ తర్వాత ముహూర్తం సంగతి."

ఆయన మాట పూర్తికాకముందే నేను స్పానర్ తీసి నా సైకిల్ గంట విప్పడం మొదలుపెట్టాను.