ఉతకని దుప్పట్లు

రోస్వితకు ఆ పిల్లను రైలు దించడం చేతకాలేదు. పిల్లంటే కన్నపిల్ల కాదు, కాగితం మీది పిల్ల. పేరు ఉల్లా. పదిహేడేళ్ళకే నూలుమిల్లులో చేరింది, పతకం తెచ్చుకుంది, సభలో చప్పట్లు కొట్టించుకుంది, ఇంటికొచ్చి అందరికీ బంగాళదుంపల తొక్కు తీసింది. ఒకనాడు కత్తి తొట్లో పడేసి రైలెక్కింది. కథ అక్కడే ఆగింది.

రోస్విత పనిచేసే మిల్లు క్యాంటీనులో, కథలూ పాటలూ రాసే కార్మికులంతా రెండు వారాలకోసారి కూర్చుంటారు. వాళ్ళకు పెద్ద లోథార్, పత్రికాఫీసు మనిషి. ఆయన కాగితాలు బల్లమీద తట్టి సర్దాడు.

"బాగా రాశావు రోస్వితా. అంతా బాగుంది. ఈ పిల్ల ఎక్కడ దిగుతుంది?"

"ఇంకా తెలీదండీ."

"తెలీకపోతే ఎలా? మన కార్మిక రాజ్యంలో ఆడపిల్లకి దారి తెలీదంటే చదివేవాళ్ళు ఏమనుకుంటారు? వెనక్కి తీసుకురా. నీ కథలో ఆ మేస్త్రీ కుర్రాడు మంచివాడేగా, వాణ్ణి స్టేషన్లో నిలబెట్టు. శుక్రవారానికిస్తే మన మిల్లు రచనల సంకలనంలో వేసేద్దాం."

"ఒట్టి చేతులతో నిలబెట్టకమ్మా, పూలు పట్టించు," అన్నాడు నూలుకి రంగులేసే రంగులఖానా ముసలాయన. అందరూ నవ్వారు. రోస్విత కూడా నవ్వింది, ఆ నవ్వు తనకే నచ్చలేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. అచ్చులో తన పేరు చూసుకోవాలని ఎన్నాళ్ళుగానో తపన.

మర్నాడు ఆవిడ ఇంటిపని సెలవు. పెళ్ళయిన ఆడవాళ్ళకు మిల్లు నెలకో రోజు జీతంతో ఇచ్చేది. మగవాళ్ళకు ఆ సెలవు లేదు. మగాడికి ఇల్లుంటుంది గానీ ఇంటిపని ఉండదు కదా! ఆ రోజు పెరటి తీగమీద బట్టలు ఆరకపోతే వాటాల వాళ్ళందరి కిటికీలూ మాట్లాడతాయి. అందుకని రోస్విత బీరువాలోంచి శుభ్రమైన దుప్పట్లు తీసి, చన్నీళ్ళలో ముంచి, పిండి, తీగమీద ఆరేసి మేడమీదికి పరిగెత్తింది.

కాగితాలు ముందేసుకుని మేస్త్రీ కుర్రాణ్ణి స్టేషన్లో నిలబెట్టింది. చేతికి పూలిచ్చింది. ఆ వాక్యం కొట్టేసింది. మళ్ళీ ఇచ్చింది. లేచి కిటికీలోంచి చూసింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. కాళ్ళకింద నిప్పులు పోసినట్టుంది.

తలుపు కొట్టకుండానే అత్తగారు ఇర్మ్‌గార్ట్ వచ్చింది. కింది వాటాలోనే ఉంటుంది. చేతిలో తడి దుప్పటి.

"ఇదేమిటే?"

"దుప్పటి, అత్తయ్యా."

"దుప్పటని నాకూ కనబడుతోంది. చాకలిగదిలో నీళ్ళు కాచలేదు, గొట్టంలోంచి పొగే రాలేదు. సబ్బు వాసన లేదు. ఈ మడత చూడు, నీళ్ళలో ముంచినా కత్తిలా నిలబడింది. మొన్న దుప్పట్లు ఒత్తే రోలరు మర దగ్గర నడుం విరిగేలా నిలబడి నేను పెట్టించిన మడత ఇది! అబద్ధమాడేదానివి కాస్త సబ్బయినా వేసి చావకపోయావా?"

రోస్విత కాగితాలమీద చెయ్యి కప్పింది. "రాసుకుంటున్నాను."

"ఏదీ, చదువు."

ఆవిడ స్టూలు లాక్కుని, చేతులూరికే ఉండక దుంపలూ కత్తీ తీసుకుంది. రోస్విత చదివింది. మొదటి పేజీ గబగబా, తర్వాత నిదానంగా. స్టేషను దాకా వచ్చేసరికి ఇర్మ్‌గార్ట్ కత్తి ఆగింది.

"ఈ పూలవాడెవడు? ఇందాకటిదాకా లేడే."

"ఉన్నాడు, మిల్లులో. స్టేషనుకి రమ్మన్నది లోథార్ గారు."

"వీడూ నువ్వారేసిన దుప్పటీ ఒకటే. మురికీ లేదు, సబ్బూ లేదు." దుంపల గిన్నె కోడలి ముందుకు తోసింది. "సాయంత్రం నా కొడుకొచ్చి కిటికీలెందుకు తుడవలేదని నిన్నడిగితే నన్ను లాగకు. నీ గోల నువ్వే పడు."

శుక్రవారం రోస్విత ఇచ్చిన కథలో ఉల్లా రైల్లోనే ఉంది. లోథార్ ఆఖరి పేజీ తిరగేసి చూశాడు, వెనకాల ఇంకేమైనా ఉందేమోనని.

"అయితే ఈసారికి కాదు, రోస్వితా."

సంకలనం నీలం అట్టతో వచ్చింది. అందులో రంగులఖానా ముసలాయన రంగునీళ్ళ పంపు గురించి రాసిన పాట ఉంది. రోస్విత విషయసూచిక పైనించి కిందికీ, కిందినించి పైకీ చదివింది, తన పేరు ఎక్కడైనా పొరపాటున పడిందేమోనని. ఆ రాత్రి భర్తతో పలకలేదు. పాపం ఎక్‌హార్ట్ చేసిందేమీ లేదు. చెయ్యకపోవడమే అతని అలవాటు.

మళ్ళీ ఇంటిపని సెలవు వచ్చింది. రోస్విత చాకలిగది తాళం తియ్యలేదు, దుప్పటి తడపలేదు. తీగ పెరటి మధ్యన బోసిగా ఊగుతోంది. ఎదుటి వాటా కిటికీలోంచి ట్రూడె కేకేసింది:

"రోస్వితా, ఒంట్లో బాలేదా ఏంటి?"

"బానే ఉంది ట్రూడె. రాసుకుంటున్నా," అని నాలుగు వాటాలకూ వినబడేలా చెప్పి కిటికీ మూసింది. బల్ల దగ్గరికొచ్చి కలం తీసుకుంది.

మెట్లమీంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఏమే, ఆ పిల్ల దిగిందా?"

"లేదత్తయ్యా."

"ఇన్నాళ్ళూ రైల్లోనేనా! తినడానికేమైనా పెట్టి పంపావా, లేదా?"

రోస్వితకు ఆ సంగతే తట్టలేదు. కొత్త కాగితం తీసి, ముందుగా ఉల్లా సంచిలో ఉడికించిన గుడ్లు పెట్టింది.